ప్రాకారములు, ఔషధములు, ఇంటివారు

సికింద్రాబాదునుండి మన్మాడువరకు సాగిన గోదావరీలోయ రైలుమార్గము మల్కాజిగిరి, బొల్లారము దాటి, మేడ్చల్ మీదుగా కామారెడ్డి, నిజామాబాదు, నాందేడు, పర్భణి పట్టణములను కలుపుకొనుచు మరాఠ్వాడాలోనికి ప్రవేశించును. 1900 ప్రాంతమున ఈ మార్గము పూర్తియైన పిదప నిజాము రాజ్యమందలి పడమటి జిల్లాలకు రాజధానితో రాకపోకలు సులభమయ్యెను. ప్రత్తి బేళ్ళు, ధాన్యపు బస్తాలు, సిపాయిలు, తాలూకా కచేరీల ఉద్యోగులు, యాత్రికులు ఆ మీటరుగేజి బండ్లలో అటునిటు తిరిగిరి. వీరితోపాటు, తాము ఎక్కడికి పోవుచున్నారో తమకే తెలియని కొందరు కూడ ఈ దిక్కుననే ప్రయాణము చేయవలసివచ్చెను. ఏలయన, హైదరాబాదు రాజ్యపు ఉన్మాద చికిత్సాలయము చాలకాలము రాజధానిలో గాక, అక్కడికి నాలుగువందల కిలోమీటర్లకు పైబడి దూరముననున్న జాల్నాలో ఉండెను. తెలుగు తప్ప మరియొక భాష ఎరుగని మెదకు రైతుబిడ్డ యొకడు మతి చలించి, తాలూకాధికారుల కంటబడి, మరాఠీ మాటాడు ఊరికి చేర్పబడినచో, వాని భార్యకు గాని తల్లికి గాని ఆ తర్వాత వాని ముఖము చూచుట ఎంతటి దుర్లభమో ఊహించుకొనవచ్చును. రైలు టిక్కెట్టునకు డబ్బులేదు. ఉన్నను అక్కడ బసచేయుటకు చోటులేదు. చోటు దొరకినను లోపలికి పోనిచ్చు ఆచారము లేదు. తీవ్రమైన మనోవ్యాధికి ఆసుపత్రిలో చేయు చికిత్సయొక్క చరిత్రను మందుల చరిత్రగా వ్రాయుట వాడుక. నాకు మాత్రము అది ముఖ్యముగా ఇంటివారి చరిత్రగా కనుపించుచున్నది: వారు ఎట్లు వెలుపలికి నెట్టబడిరి, ఎట్లు మరల లోపలికి పిలువబడిరి, పిలిచినను రాలేనివారు నేడు ఎందరున్నారు అను చరిత్ర.

ఆసుపత్రులు లేని కాలమున ఇంటివారే వైద్యులు, కావలివారు, ఒక్కొక్కప్పుడు చెరసాల అధికారులును. చరకసంహిత ఉన్మాదమును వాత, పిత్త, కఫ, సన్నిపాత, ఆగంతుకములని ఐదు విధములుగా విభజించి, నిదానస్థానమున నొకటి, చికిత్సాస్థానమున నొకటి చొప్పున రెండధ్యాయములను దీనికి కేటాయించినది. అందు ఔషధ ఘృతములును, శోధన కర్మములును, ఆప్తుల ఊరడింపును చెప్పబడినట్లే, రోగిని బంధించుటయు, సర్పాదులతో భయపెట్టుటయు కూడ చెప్పబడినవి. మన పూర్వులు కరుణామయులనియు, కాఠిన్యమంతయు పరదేశములనుండి వచ్చినదనియు చెప్పుకొనుట సత్యమునకు దూరము. పల్లెలలో గాలి సోకినదని, బాణామతి జరిగినదని నమ్మి భూతవైద్యుని పిలిచిన యిండ్లును, గొలుసువేసి పశువుల కొట్టములో కట్టివేసిన యిండ్లును ఎన్నియో. అయినను ఆ కాలపు ఆచారములలో నొకటి నిలిచి ఆలోచింపదగినది. రోగిని యాదగిరిగుట్టకు గొనిపోయి, వైద్య నరసింహుడని పేరుగాంచిన ఆ స్వామి సన్నిధిని మండలము దినములు ఉండి ప్రదక్షిణములు చేయించునప్పుడు, అతని వెంట తల్లియో, అన్నయో, భార్యయో సత్రములో వండిపెట్టుచు ఉండితీరవలెను. రోగి యొక్కడే ఉండుట అను ప్రసక్తియే లేదు. చిత్తూరు సీమవారు శోలింగూరు కొండకు పోయినను, మరికొందరు దర్గాలలో రాత్రులు గడపినను ఇదే పద్ధతి. 2002లో బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ మానసిక వైద్యసంస్థ వైద్యులు తమిళనాడులోని ముత్తుస్వామి ఆలయమున ఇట్లు బసచేసిన 31 మంది రోగులను పరీక్షించి, సగటున ఆరు వారముల నివాసముతో, మందేమియు లేకయే, వ్యాధి లక్షణములు ఇంచుమించు ఐదవ వంతు తగ్గినట్లు ప్రకటించిరి. దీనిని చూపి మందులు అక్కరలేదని వాదింపరాదు. ఐదవ వంతు తగ్గిన రోగి రోగియే. కాని దండింపని, తొందరపెట్టని పరిసరములలో తనవారి నడుమ నుండుటయే కొంత చికిత్స యనుట దీనివలన స్పష్టము. ఇదే ఆచారము ఇంటివారు తప్పుకొనిన చోట ఎంత ఘోరముగా మారగలదో అంతకు ముందు సంవత్సరమే, 2001 ఆగస్టు 6వ తేదీన, రామనాథపురము జిల్లా ఎర్వాడిలో తేలెను. దర్గాను ఆశ్రయించి ఏర్పడిన ఒక ప్రయివేటు ఆశ్రమపు పాకలు అంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 28 మంది రోగులు దగ్ధులైరి.

మన ప్రాంతములలో ఆసుపత్రి యను వస్తువు ఈస్టిండియా కంపెనీవారితో వచ్చెను. 1794లో వాలెంటైన్ కొనోలీ యను కంపెనీ శస్త్రవైద్యుడు మద్రాసు పురసవాకములో 16 మందికి సరిపోవు నొక గృహమును నెలకొల్పెను. 1858లో ఉన్మాదాలయముల చట్టము రాగా, మాజిస్ట్రేటు ఉత్తరువుతో మనిషిని లోపల ఉంచుటకు విధివిధానము లేర్పడెను. 1871లో కీల్పాకు ఆశ్రమము 145 మందితో తెరువబడెను. ఆ ప్రాంతముననే విశాఖపట్టణమున చినవాల్తేరు ఆశ్రమము కూడ వెలసెను. క్రమముగా తెలుగుదేశమున మతి తప్పినవారికి పుట్టిన చోటును బట్టి మూడు దిక్కు లేర్పడెను: సర్కారు జిల్లాలవారికి వాల్తేరు, దక్షిణాదివారికి మద్రాసు, నిజాము రాజ్యమువారికి జాల్నా. ఈ భవనములన్నియు నగరమునకు దూరముగా, ఎత్తైన ప్రాకారములతో, తోటలతో కట్టబడినవి. శుద్ధవాయువు, నిశ్శబ్దము, వ్యవసాయపు పని రోగికి హితమని వైద్యులు చెప్పిరి. అది అబద్ధము కాదు. కాని దూరము రోగికంటె నగరమునకే ఎక్కువ హితమైనట్లు తోచుచున్నది, చూడనక్కరలేని దానిని పొలిమేర దాటించుట నగరములకు సహజ గుణము కనుక.

ఆనాటి చికిత్స యేమనగా ఆహారము, స్నానము, తోటపని, చాపల అల్లిక, నిద్రకు బ్రోమైడు, క్లోరల్ హైడ్రేటు. లోపలికి వచ్చినవారిలో వీథులలో తిరుగాడుచు పోలీసుల కంటబడినవారును, నేరము చేసి మతి లేనివారని తేలినవారును అనేకులు. 1912 నాటి భారతీయ ఉన్మాద చట్టము స్వయముగా వచ్చి చేరగోరువారికి కూడ దారి యిచ్చినదిగాని, అందుకు ఇద్దరు సందర్శకుల సమ్మతి కావలసియుండెను. ఆ చట్టములో ఇంటివాడు మాజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనువాడు మాత్రమే. అర్జీ మంజూరైన పిదప అతనితో పనిలేదు. 1920ల తొలినాళ్ళలో ఆశ్రమములకు మానసిక వైద్యశాలలని పేరు మార్చిరి, గోడలు మారలేదు. 1946లో దేశపు ఆరోగ్యస్థితిని విచారించిన భోర్ సంఘము లెక్కించునప్పటికి నలువది కోట్ల ప్రజలకు దేశమున మానసిక వైద్యశాలల పడకలు సుమారు 10,000. ఆ సంఘముకొరకు ఈ ఆసుపత్రులను చూచివచ్చిన వైద్యుడు మూర్ టేలరు, వానిలో అధికభాగము చికిత్సకంటె నిర్బంధమునకే తగియున్నవని తేల్చెను.

స్వాతంత్ర్యము వచ్చి, హైదరాబాదు సంస్థానము దేశమున విలీనమైన కొలదికాలమునకే, 1950ల తొలి సంవత్సరములలో, జాల్నా ఆసుపత్రి నగరపు పడమటి కొసనున్న ఎర్రగడ్డకు తరలివచ్చెను. 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడగా జాల్నా బొంబాయి రాష్ట్రమునకు పోయినది. అప్పటికి ఆసుపత్రి ఇచ్చటికి చేరియుండుట తెలంగాణమునకు మేలయ్యెను. నగరపు ఈశాన్యమున, షామీర్‌పేట దారికి ఇవతల, మాజీ సైనికుల నివాసముగా తొలుత ఏర్పడి నెహ్రూగారి పేరు ధరించిన మన జవహర్‌నగర్‌లో గాని, మేడ్చల్ పరగణాలో గాని ఎవరికి మనోవ్యాధి ముదిరినను నాటినుండి నేటివరకు పోవలసినది ఎర్రగడ్డకే. ఆ ఊరి పేరు తిట్టుగా వాడుకొనువారు నగరమంతట ఉన్నారు. ఆ తిట్టునకు వెరచి చికిత్సను నెలలు, సంవత్సరములు వాయిదావేసిన కుటుంబములు పడిన నష్టము ఏ గ్రంథమునను లెక్కకెక్కలేదు.

ఎర్రగడ్డ ఆసుపత్రి పుట్టిన కాలము వైద్యచరిత్రలో ఒక సంధికాలము. అంతకు పూర్వము ఇరువది సంవత్సరములుగా యూరపులో ఒకదాని వెంట నొకటిగా ఉగ్రచికిత్సలు బయలుదేరినవి: 1933లో ఇన్సులినుతో రోగిని మూర్ఛలో ముంచుట, 1934లో కార్డియజోలు సూదితో ఫిట్లు తెప్పించుట, 1938లో ఇటలీలో సెర్లెట్టీ, బినీలు విద్యుత్తుతో అదే పనిచేయుట. ఈ మూడింటిలో కరెంటు చికిత్స మాత్రమే నిలిచినది. అన్నపానములు మాని, కదలక మెదలక పడియుండువారికి, ప్రాణములు తీసుకొనుటకు సిద్ధపడిన తీవ్ర విషాద రోగులకు అది నేటికిని ప్రాణదానము చేయుచున్నది. మత్తుమందు లేకయే, నలుగురు పట్టుకొనియుండగా దానినిచ్చిన కాలము దీర్ఘముగా నడచుటవలన ప్రజలలో దానిపై పుట్టిన భీతి సకారణమైనది. మత్తు లేకుండ ఈయరాదని చట్టము నిషేధించుటకు 2017వరకు ఆగవలసివచ్చెను.

మందుల కథలో మన దేశమునకు ఒక గౌరవస్థానము కలదు. సర్పగంధి వేళ్ళను ఉన్మాదమునకు వాడు దేశీయ వైద్యుల ఆచారమును కలకత్తాలో గణనాథ సేను, కార్తిక చంద్ర బోసు పరీక్షించి, అది మనస్సును శాంతింపజేయుననియు, రక్తపు పోటును తగ్గించుననియు 1931లోనే ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండునందు ఆ వేళ్ళనుండి రిసర్పినును వేరుచేసిరి. 1954లో నేథన్ క్లైను దానిని అమెరికాలోని మనోరోగులపై ప్రయోగించెను. అది కొందరిని విషాదములోనికి నెట్టుటచే వెనుకబడి, దాని స్థానమును క్లోర్‌ప్రోమజీను ఆక్రమించెను. ఫ్రాన్సులో రోన్-పులాంక్ రసాయనశాలలో పుట్టి, లబొరీ యను శస్త్రవైద్యుని చేతిలో తొలుత మత్తుచికిత్సకు ఉపకరించి, 1952లో పారిస్ నగరమున డిలే, డెనికరుల వార్డులో మనోరోగుల కీయబడిన ఆ మందు చేసిన పని ఆశ్చర్యకరము. చెవులలో ఎవరో తిట్టుచున్నారని యేండ్లతరబడి వినుచున్నవాడు ఆ స్వరములు దూరమైనవని చెప్పెను. కట్టివేయబడినవాడు లేచి భోజనమునకు కూర్చుండెను. మెదడులో డోపమీను అను రసాయనపు సంకేతములను ఇది అడ్డగించుచున్నదని అర్వీడ్ కార్ల్‌సను 1960లలో విశదపరచెను. చేతులు వణకుట, కండరములు బిగుసుకొనుట, ఏండ్లు గడచిన మీదట నోరు, నాలుక తమంత తాము కదలుట అను దోషములు దీనికి కలవు. కొన్ని వారములపాటు పనిచేయు ఫ్లూఫెనజీను సూదులు, రక్తకణములను తరచు పరీక్షించుచు ఈయవలసిన క్లోజపీను, ఆ తరువాత రిస్పెరిడోను, ఒలాంజపీను వచ్చినవి. 1961లో స్థాపింపబడిన ఐడీపీఎల్ సంస్థ బాలానగరులో కృత్రిమ ఔషధముల కర్మాగారమును నడపుటవలనను, 1970 నాటి పేటెంట్ల చట్టమువలనను హైదరాబాదు చుట్టును మందుల పరిశ్రమ పెరిగి, విదేశములలో అధిక ధర పలుకు మాత్రలు ఇక్కడ పేదవానికి అందుబాటులోనికి వచ్చెను. జీడిమెట్ల, మేడ్చల్ పరిసరములలో రసాయన కర్మాగారములలో దినకూలికి పోవువారిండ్లలోనే అట్టి మాత్రల అవసరము పడినవారు ఉందురు.

మందు వచ్చుటచేత గోడ అనవసరమయ్యెను. కాని గోడ తొలగినంత మాత్రమున ఇంటివారు లోపలికి రారు గదా! ఆ పనిని పుస్తకములలోని సిద్ధాంతములకంటె ముందు చేసి చూపినవాడు పంజాబునందలి అమృతసర మానసిక వైద్యశాల అధిపతి విద్యాసాగరుడు. పడకలు చాలక, సేవకులు చాలక, 1950లలో ఆయన ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి, రోగుల బంధువులను వచ్చి తమవారితో ఉండుడని పిలిచెను. బంధువు అన్నము పెట్టును, స్నానము చేయించును, మందు మింగించును. సాయంకాలము అందరిని కూర్చుండబెట్టి, ఈ జబ్బు పూర్వజన్మ పాపము కాదనియు, తల్లి పెంపకపు దోషము కాదనియు, మందు మానినచో తిరుగబెట్టుననియు వైద్యుడు చెప్పును. రోగి త్వరగా కోలుకొనెను. ఇంటికి పోయిన పిదప నిలిచెను. అంతకంటె విశేషముగా, ఊరికి మరలిన బంధువు తనవంటి మరియొక కుటుంబమునకు ధైర్యము చెప్పెను. పడకల కొరతనుండి ఇంత గొప్ప పద్ధతి పుట్టుట వైద్యచరిత్రలో అరుదు. 1957లో మొదలైన వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల మానసిక చికిత్సాకేంద్రము కుటుంబ సహితముగానే రోగిని చేర్చుకొను ఆచారమును పాటించినది. చిత్తూరు, నెల్లూరు జిల్లాల తెలుగు కుటుంబములు ఎన్నియో అచటికి పోయి ఉండినవి. బెంగుళూరులో నిమ్‌హాన్స్ కుటుంబ చికిత్సకు ప్రత్యేకముగా వార్డునే నెలకొల్పినది.

సరిగా అదే కాలమున లండనులో జార్జి బ్రౌను అను సామాజిక శాస్త్రవేత్త మరియొక ప్రశ్న వేసెను: ఆసుపత్రినుండి ఇంటికి పోయిన స్కిజోఫ్రీనియా రోగులలో కొందరికి మాత్రమే ఏల తిరుగబెట్టుచున్నది? ఇంటివారు రోగిని గూర్చి మాటాడు తీరును గంటలకొలది రికార్డు చేసి పరిశీలింపగా, నిందయు, విరోధమును, అతిగా కలుగజేసికొనుటయు ఉన్న యిండ్లలో వ్యాధి మరలివచ్చుట అధికమని తేలెను. క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ 1976లో వెలువరించిన లెక్క ప్రకారము, తొమ్మిది నెలలలో అట్టి యిండ్లలో సగముమందికి, ప్రశాంతమైన యిండ్లలో నూటికి 13 మందికి తిరుగబెట్టినది. చండీగఢ్‌లో విగ్ మొదలగువారు లెఫ్‌తో కలిసి ఇదే పరిశీలన చేయగా, అట్టి నిందాపూర్ణమైన కుటుంబములు లండనులో ఇంచుమించు సగముండగా ఇక్కడ నాలుగవ వంతును మించలేదు. భారతదేశమున ఈ వ్యాధి ఫలితము పాశ్చాత్య దేశములకంటె మెరుగని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలు తేల్చినదానికి ఇది యొక కారణముగా చెప్పబడినది.

ఇంతకును కుటుంబ చికిత్స యనగా వేదాంతోపన్యాసము కాదు. తెల్లవారి పది గంటలైనను లేవని కొడుకును చూచి తల్లి, "వానికి రోగమేమున్నది? ఒళ్ళు బద్ధకము" అనును. ఆ లేవకపోవుట వ్యాధి లక్షణమే యనియు, కొంత మందుచేత కలిగిన మత్తు అనియు ఆమెకు ఓపికతో తెలుపవలెను. తండ్రి, "మాత్రలు ఇంకెన్నాళ్ళు?" అని అడుగును, చక్కెరవ్యాధి వలె ఇదియు దీర్ఘకాలము మందుతో నిలుపవలసినదని చెప్పవలెను. మేనమామ, "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటది" అని సలహా ఇచ్చును. ఈ చివరి మాట మన యిండ్లలో చేసిన హాని నా లెక్కలో ఏ భూతవైద్యుడును చేయలేదు: వ్యాధిని దాచి చేసిన పెండ్లి రోగిని నిద్రలేని రాత్రులలోనికి, కొత్త బాధ్యతలలోనికి నెట్టును, వచ్చిన పిల్ల బ్రతుకును బలిగొనును. రోగి ఆడుబిడ్డయైనచో అత్తవారు మోసము చేసితిరని పుట్టినింటికి పంపివేయుట, పుట్టినిల్లు ఆమెను ఎర్రగడ్డకు చేర్చి చేతులు దులుపుకొనుట నిత్యము జరుగుచున్నదే. ఇన్నింటిని ఒక గదిలో, రోగిని కూడ కూర్చుండబెట్టుకొని, ఎవరిని నిందింపక, ఎవరు మాత్ర ఇచ్చెదరు, ఎవరు వెంట వచ్చెదరు, తిరుగబెట్టుటకు ముందు కనబడు గుర్తులు ఏవి, నిద్ర తప్పిన ఎన్నవ దినమున ఆసుపత్రికి రావలెను అని తేల్చుకొనుటయే ఆ చికిత్స. ఇందుకు వైద్యునికి కాలము కావలెను. ఓపీ చీటీలు పట్టుకొని బారులు తీరిన జనము నడుమ లేనిది అదియే.

చండీగఢ్ పరిశీలకులు చూచిన ఓర్పుగల విశాల కుటుంబము నేడు జవహర్‌నగర్‌లో ఎంతవరకు కలదని అడుగవలసియున్నది. మాజీ సైనికుల కాలనీగా మొదలైన ఈ ఊరు, నగరపు చెత్తకుప్పకు ఆవాసమై, పాలమూరు, నల్లగొండ మొదలుకొని అనేక జిల్లాలనుండి పనులకై వచ్చిన పేదలతో నిండి కార్పొరేషను ఆయెను. ఇచ్చటి కుటుంబమనగా పెక్కుచోట్ల ఒక గది, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. తాతలు, మేనత్తలు ఊరిలోనే ఉండిపోయిరి. ఇంట ఒకరికి మతి చలించినచో రెండవవారు పనికి పోకుండ కాపాడవలెను. పనికి పోనిచో పొయ్యి వెలుగదు. ఎర్రగడ్డకు పోవుటయనగా రెండు మూడు బస్సులు మారి, ఒక దినపు కూలి విడుచుకొనుట. వార్డులో తోడుండుటయనగా వారముల కూలి విడుచుకొనుట. అట్టివారు రోగిని వదలి వెళ్ళినచో దానిని నిర్దయయని పిలుచుటకు నాకు నోరు రాదు. విద్యాసాగరుని గుడారములలో ఉండగలిగినవారు ఇంటివద్ద పొలము చూచుకొను అన్నదమ్ములు గల రైతులని మనము మరువరాదు. కుటుంబము చికిత్సలో పాల్గొనవలెనని కోరు ప్రభుత్వము, తోడుండిన దినములకు కూలి భత్యమును, రానుపోను చార్జీలను ఈయనిచో ఆ కోరిక కాగితముననే యుండును.

రెండవ దారి, చికిత్సయే ఊరికి వచ్చుట. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ప్రకటింపబడిన పిదప, నిమ్‌హాన్స్ వైద్యులు 1980లలో బళ్ళారి జిల్లాను, అనగా తెలుగు కుటుంబములు విస్తారముగా నున్న ఆ సరిహద్దు సీమను, ప్రయోగక్షేత్రముగా గైకొని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ యిచ్చి, కొలది రకముల మందులతోనే తీవ్ర మనోవ్యాధులను ఊరిలో నడపవచ్చునని చూపిరి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు మూలము అదియే. 2022 అక్టోబరులో వచ్చిన టెలీమానస్ అను ఫోను సేవయొక్క 14416 సంఖ్యకు తెలుగులోనే ఫోను చేసి సలహా పొందవచ్చును. ఫోను సలహా మంచిదే. నెలనెలా మాత్రలు, నెలకొక సూది నడచిపోదగిన దూరములో దొరకుట దానికంటె ముఖ్యము.

చట్టములు మాత్రము ముందుకు నడచినవి. మతి చలించినదే గాని ఏ నేరమును చేయనివారిని జైలులో ఉంచుట రాజ్యాంగ విరుద్ధమని 1993లో సుప్రీంకోర్టు షీలా బార్సే వ్యాజ్యమున ప్రకటించెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసు వేయుటను నిషేధించి, తనకు రాబోవు చికిత్సను గూర్చి ముందుగా వ్రాసిపెట్టుకొను హక్కును, తన పక్షమున నిలుచు ప్రతినిధిని తానే ఎన్నుకొను హక్కును రోగికి ఇచ్చినది. మూడేండ్ల లోపు బిడ్డను చికిత్స పొందు తల్లినుండి సామాన్యముగా వేరుచేయరాదన్నది. 1912లో అర్జీదారుగా మాత్రమే గుర్తింపబడిన ఇంటివాడు నేడు రోగి కోరినచో అతని ప్రతినిధి.

అయినను దేశమందలి మానసిక వైద్యశాలలలో, వ్యాధి నయమై, వైద్యుడు పొమ్మన్నను పోవుటకు ఇల్లు లేనివారు ఇంకను ఉన్నారు. చేర్పించిన దినమున వ్రాయించిన చిరునామాకు పంపిన ఉత్తరములు తిరిగివచ్చుచుండును. కొన్ని చిరునామాలు మొదటినుండియు తప్పుడువే. వారిలో స్త్రీలు అనేకులు. 2017లో గౌరవ్ కుమార్ బన్సల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇట్టివారికొరకు ఆసుపత్రికిని ఇంటికిని నడుమ ఆశ్రయగృహములు నెలకొల్పవలెనని రాష్ట్రముల నాదేశించినది. ఆ గృహములు మరల ఊరికి దూరముగా, గోడ చాటున కట్టబడరాదు. బస్సు ఆగుచోట, పని దొరకుచోట, పక్కింటివారు పలుకరించుచోట అవి ఉండవలెను. ఒక్కొక్క యింట పదిమందికి మించక, నెలకొకమారు వైద్యుడు వచ్చుచు, వంటయు ఖర్చులెక్కయు వారే చూచుకొనునట్లు నడువవలెను. జవహర్‌నగర్‌లోనే అట్టి యిల్లొకటి మొదట వెలసినచో, తమ ఊరినుండి ఎర్రగడ్డకు పోయి నయమైనవారికి తలదాచుకొను చోటు తమ ఊరిలోనే ఏర్పడును.